వరి పొట్ట విప్పి చూద్దాం: పువ్వు తయారీలో ఏ హార్మోన్ పని ఎప్పుడో దశలవారీగా

"వెన్ను బయటపడింది, గింజలు ఎక్కువ పట్టడానికి ఇప్పుడేం కొట్టాలి?" వరి గురించి ఎక్కడ మాట్లాడుకున్నా ఈ ప్రశ్న వస్తుంది. షాపుకెళ్తే దీనికి జవాబుగా ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు కూడా. కానీ వెన్ను, అంటే వరి కంకి, బయటికొచ్చాక దానిమీద పువ్వుల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు. ఆ లెక్క మూడు నాలుగు వారాల ముందే, వెన్ను ఇంకా మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల మొగ్గగా కాండం లోపల దాక్కుని ఉన్నప్పుడే తేలిపోయింది. వరి పువ్వు తయారీలో ఒక్కో హార్మోన్‌కి ఒక్కో టైమ్ ఉంటుంది. ఆ టైమ్ దాటాక అదే హార్మోన్‌ని బిందెలకొద్దీ పోసినా ఆ పని జరగదు, వేరే పని జరుగుతుంది.

ఆ టైమ్‌లు కంటితో చూసి పట్టుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. మైక్రోస్కోపు అక్కర్లేదు. కొత్త బ్లేడు, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గుండుసూది, స్కేలు, ఒక నల్ల అట్టముక్క ఉంటే చాలు. తెల్లటి లేత వెన్ను నల్ల అట్ట మీద చక్కగా కనిపిస్తుంది, తెల్ల కాగితం మీద పెట్టి వెతికితే కళ్ళు పోతాయి.

ముందుగా, హార్మోన్ సిగ్నల్ అంటే ఏమిటో కాస్త

హార్మోన్ అంటే మొక్కకి బలం అనుకుంటారు చాలామంది. అది ఆహారం కాదు, కబురు. ఆ కబురు పనిచేసే తీరు కూడా కొంచెం తిరకాసుగా ఉంటుంది: జిబ్బరెల్లిన్ సంగతే తీసుకుంటే, కణంలో పెరుగుదలని ఎప్పుడూ పట్టి ఆపుతూ ఎస్‌ఎల్‌ఆర్1 అనే ప్రోటీన్ ఒకటి కూర్చుని ఉంటుంది, బండికి బ్రేకు వేసి ఉంచినట్టు. జిబ్బరెల్లిన్ వచ్చి జీఐడీ1 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది, ఆ జంట వెళ్ళి ఎస్‌ఎల్‌ఆర్1ని పట్టుకుంటుంది, జీఐడీ2 అనే మరో ప్రోటీన్ సాయంతో దాన్ని కణమే విరగ్గొట్టి పారేస్తుంది. బ్రేకు పోయింది కాబట్టి కణం సాగుతుంది. ఈ జీఐడీ1 గ్రాహకాన్ని మొట్టమొదట కనిపెట్టింది వరిలోనే, 2005లో, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు.

అసలు జిబ్బరెల్లిన్ అనేదే మనకి వరి చేలోంచి దొరికింది. జపాన్ వాళ్ళు బకనే అని పిలిచే తెగులు సోకితే వరి మొక్క సన్నగా పాలిపోయి, పక్కవాటికంటే ఎత్తుగా పెరిగి పడిపోతుంది. ఆ పని చేస్తున్నది శిలీంధ్రం వదిలే పదార్థమని 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న కురొసావా తేల్చాడు, 1935లో యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అదే హార్మోన్ మొక్క లోపల కూడా తయారవుతుందని తర్వాత తెలిసింది. దీని రెండో మలుపు మనవాళ్ళకి బాగా తెలిసిందే: ఐఆర్8 అనే వరి రకం పొట్టిగా ఉండటానికి కారణం ఎస్‌డీ1 అనే జన్యువు, అంటే జిబ్బరెల్లిన్ తయారీలో ఒక ఎంజైమ్ పాడవడం. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి దేశానికి చూపించిన ఐఆర్8 అదే. మరి జిబ్బరెల్లిన్ తగ్గితే పువ్వు పాడవాలి కదా అంటే, పువ్వులో ఆ పనికి దాని జంట ఎంజైమ్ ఒకటి విడిగా ఉంది, అందుకే కాండం పొట్టిదైనా వెన్ను బాగానే ఉంటుంది. ఇప్పటి పొట్టి రకాల్లో చాలావాటిది ఈ వారసత్వమే.

సరే, ఇక చేలోకి.

1. తేదీ వెనక నుంచి లెక్కపెట్టండి

మన వాతావరణంలో 120 రోజుల రకం, ఉదాహరణకి ఎంటీయూ 1010, విత్తిన దగ్గర్నుంచి సుమారు 60 రోజులు పిలకలు ఆకులు పెంచుకుంటుంది, తర్వాత 30 రోజుల్లో వెన్ను తయారు చేసుకుని ఈనుతుంది (వెన్నుని బయటికి తీస్తుంది), చివరి 30 రోజుల్లో గింజ పాలు పోసుకుని ముదురుతుంది. 150 రోజుల రకమైతే అదనపు 30 రోజులూ మొదటి భాగంలోనే కలుస్తాయి, తర్వాతి రెండు భాగాలూ పెద్దగా మారవు. అందుకని నాటిన రోజు నుంచి ముందుకి లెక్కపెట్టకుండా, మీ రకం ఈనే రోజు అంచనా వేసుకుని అక్కడ్నుంచి 30–35 రోజులు వెనక్కి రండి. వెన్ను పుట్టేది అప్పుడే. ఆ వారం నుంచి చూడటం మొదలుపెట్టండి.

ఈ పుట్టుక కబురు ఆకులోంచి వస్తుంది. పగలు ఎంతసేపుందో ఆకు కొలుస్తుంది (వరి తక్కువ పగటి మొక్క), సరైన సమయం వచ్చిందనుకున్నాక హెచ్‌డీ3ఏ అనే చిన్న ప్రోటీన్ తయారుచేసి నాళాల గుండా చిగురు కొనకి పంపిస్తుంది. దశాబ్దాలుగా ఫ్లోరిజెన్ అని ఊహించుకుంటూ వచ్చిన పూత కబురు ఇదే, వరిలో దీన్ని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. పగళ్ళు పొడవుగా ఉన్నప్పుడు ఇదే పనికి ఆర్‌ఎఫ్‌టీ1 అనే దాని తోబుట్టువు ఉంది. కొన చేరాక అది ఇంకో రెండు ప్రోటీన్లతో జతకట్టి, ఆకులు పుట్టిస్తున్న కొనని వెన్ను పుట్టించే కొనగా మార్చేస్తుంది. ఆ మార్పు జరిగాక వెనక్కి పోవడం అంటూ ఉండదు.

2. తల్లి పిలకని చీల్చండి

మడిలో అక్కడక్కడ, గట్టు పక్కన కాకుండా లోపలికెళ్ళి, పది కుదుళ్ళ నుంచి ఒక్కో తల్లి పిలకని (కుదురులో అన్నిటికంటే ముందొచ్చిన కాండాన్ని) వేరుతో పీకండి. ఆకులు తీసేసి, కింద వేరు దగ్గర నుంచి పైకి నిలువుగా బ్లేడుతో సరిగ్గా మధ్యలో చీల్చండి. కింద గట్టి కణుపులు కనిపిస్తాయి, వాటి మధ్య దూరం పెరగడం మొదలైందా చూడండి. పై కణుపు మీద, లేత ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకున్న చోట, ఉల్లిపొరలు విప్పినట్టు సూదితో ఒక్కో పొరా తీస్తూ పోతే చివరికి చిన్న కొన మిగులుతుంది.

అది నున్నగా, గాజులా మెరుస్తూ ఉంటే ఇంకా వెన్ను రాలేదు, లేదా వచ్చినా కంటికందదు. దానిమీద తెల్లటి నూగు కనిపిస్తే వెన్ను మిల్లీమీటరుకి చేరినట్టే. ఆ నూగే గుర్తు. పదింటిలో ఏడెనిమిదింటికి నూగు కనిపిస్తే మడి మొత్తం చిరుపొట్ట దశకి వచ్చిందని నమ్మొచ్చు.

మొదటిసారి చీల్చేటప్పుడు బ్లేడు పక్కకిపోయి కొన తెగిపోతుంది, టెన్షన్ పడకండి, నాలుగైదు పిలకలు పోయాక చెయ్యి కుదురుతుంది.

3. మిల్లీమీటరు దగ్గర ఆగండి, గింజల లెక్క ఇక్కడే

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన వారం ఇదే. నూగు కింద భూతద్దంతో చూస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి, అవి వెన్ను కొమ్మలు. ఒక్కో కొమ్మ మీద మళ్ళీ బుడిపెలు, అవి ఉపకొమ్మలు, వాటిమీద పువ్వులు. కొన ఎంతసేపు చురుగ్గా విభజన చెందుతూ ఉంటే అన్ని బుడిపెలు పుడతాయి, ఆ చురుకుదనం సైటోకైనిన్ అనే హార్మోన్ చేతిలో ఉంది.

సైటోకైనిన్ విషయంలో తయారీ ఎంత ముఖ్యమో విరగ్గొట్టడం కూడా అంతే ముఖ్యం. 2005లో నగోయా బృందం, హబటాకి అనే ఇండికా రకం వెన్నులో కోషిహికారి అనే జపాన్ రకం కంటే గింజలు ఎందుకు ఎక్కువో వెతుక్కుంటూ పోయి జీఎన్1ఏ అనే చోటుకి చేరింది. అక్కడున్నది సైటోకైనిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువు. హబటాకిలో ఆ ఎంజైమ్ తక్కువ, కాబట్టి వెన్ను కొనలో సైటోకైనిన్ ఎక్కువసేపు నిలబడుతుంది, కాబట్టి పువ్వులు ఎక్కువ. దిగుబడి పెరిగింది ఒక పని మానేయడం వల్ల! రెండేళ్ళ తర్వాత టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో ముక్క అతికించారు: లాగ్ అనే జన్యువు సైటోకైనిన్‌ని ఆఖరి మెట్టులో, సరిగ్గా కొన దగ్గర మాత్రమే, పనిచేసే రూపంలోకి మారుస్తుంది. అది పాడైన మొక్కల్లో కొన ముందే అలసిపోయి వెన్ను చిన్నదవుతుంది, పువ్వులో ఆరు కేసరాలుండాల్సిన చోట చాలాసార్లు ఒక్కటే ఉండి, అండాశయమే లేకుండా పోతుంది.

ఆక్సిన్ అనే ఇంకో హార్మోన్ దీనికి పక్కన నడుస్తుంది. ఏ చోట కొత్త బుడిపె లేవాలో చెప్పేది అది. ఆక్సిన్ ఒకచోట పోగయితేనే అక్కడ కొమ్మ లేస్తుంది.

చేసే పనేమిటంటే, మీరు వేసే ఆఖరి దఫా యూరియా ఈ వారంలో పడేలా చూడండి. నత్రజని అందితే వేళ్ళూ కొనా రెండింటిలో సైటోకైనిన్ తయారీ పెరుగుతుంది, అది నేరుగా పువ్వుల లెక్కకి పోతుంది. అదే యూరియా పది రోజులు ముందు వేస్తే చివర్లో వచ్చే పనికిరాని పిలకలకి పోతుంది, పదిహేను రోజులు ఆలస్యమైతే ఆకులు నల్లగా తిరిగి తెగుళ్ళని పిలుస్తాయి. వెన్ను సైజు చూసి వేసిన యూరియాకీ, పక్కవాళ్ళు వేశారని వేసిన యూరియాకీ తేడా ఇదే. ఈ వారం మడి ఎండకూడదు.

4. పువ్వులో ఏముండాలో లెక్క చూసుకోండి

ఇంకో వారం పది రోజులాగి మళ్ళీ చీల్చండి. ఇప్పుడు వెన్ను కొన్ని సెంటీమీటర్లుంటుంది, పువ్వులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకదాన్ని సూదితో విప్పండి: అడుగున రెండు చిన్న గొడ్డు పొట్టులు, తర్వాత గింజకి కవచమయ్యే పెద్ద పొట్టు, చిన్న పొట్టు, వాటి మొదట్లో రెండు చిన్న కండగల పొలుసులు (వీటిని లాడిక్యూల్స్ అంటారు, పొట్టులని తెరిచేది ఇవే, గుర్తుపెట్టుకోండి), ఆరు కేసరాలు, మధ్యలో అండాశయం మీద పుప్పొడిని పట్టుకునే ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు.

ఈ లెక్క తప్పితే ఎక్కడో కబురు తప్పినట్టు. జాస్మోనేట్ అనే హార్మోన్ సిగ్నల్ చెడిన మొక్కల్లో పువ్వుకి అదనంగా ఇంకో పొట్టు వస్తుంది, లోపలి భాగాల సంఖ్య గాడితప్పుతుంది. 2014లో చైనా శాస్త్రవేత్తలు చూపించిన దారి జిబ్బరెల్లిన్‌ది లాంటిదే: ఇక్కడ బ్రేకు పేరు ఓఎస్‌జాజ్1, జాస్మోనేట్ వచ్చి దాన్ని విరగ్గొట్టిస్తే, అది అణిచిపెట్టిన మరో ప్రోటీన్ విడుదలై పువ్వు గుర్తింపు జన్యువైన ఓఎస్‌మ్యాడ్స్1ని నడిపిస్తుంది. కీలాగ్రం, అండం మొలవడానికి ఆక్సిన్ సరిగ్గా సర్దుకోవాలి, ఓఎస్‌పిడ్ అనే జన్యువు పాడైతే కీలాగ్రమే రాదు. మామూలు చేలో ఇలాంటివి అరుదు, కాబట్టి ఈ మెట్టులో మీరు చేయాల్సింది చూడటమే.

5. ఆకు కాలర్ల దూరం కొలవండి

ఇక్కడ కోయక్కర్లేదు. పోటాకు (వెన్నుకి ముందు వచ్చే ఆఖరి ఆకు), దాని కింది ఆకు, రెండింటికీ ఆకు తొడుగుతో కలిసే చోట కాలర్ ఉంటుంది. పోటాకు కాలర్ కిందినుంచి మెల్లగా పైకొస్తుంది. రెండు కాలర్లూ ఒకే ఎత్తుకి వచ్చినప్పుడు లోపల కేసరాల్లో పుప్పొడి తల్లికణాలు క్షయకరణ విభజన (పుప్పొడి రేణువులు పుట్టే విభజన) చెందుతున్నాయని అర్థం. ఈనడానికి ఇంకా 10–12 రోజులుంది. స్కేలు పెట్టి చూసి, దూరం రెండువైపులా 10 సెంటీమీటర్ల లోపుంటే, మీ పంట మొత్తం జీవితంలోకెల్లా అతి నాజూకైన రోజుల్లో ఉందన్నమాట.

పుప్పొడిని లోపలి గోడ పొర ఒకటి పోషిస్తుంది, టపీటం అంటారు. అది పెరిగి, పుప్పొడికి కావల్సినవి ఇచ్చి, సరైన సమయానికి తనంతట తాను చనిపోవాలి. ఈ టైమింగ్ జిబ్బరెల్లిన్‌ది, దాని తరఫున పనిచేసేది జీఏమైబ్ అనే ప్రోటీన్. చలి తగిలితే కేసరంలో జిబ్బరెల్లిన్ తగ్గుతుంది, టపీటం చావకుండా ఉబ్బిపోతుంది, పుప్పొడి గొడ్డుబోతుంది. జపాన్ ఉత్తరాన హొక్కైడో రైతుల పాత భయం ఇదే, ఎస్‌డీ1 ఉన్న పొట్టి రకాలకి ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. నీటి ఎద్దడి వస్తే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది, పుప్పొడికి చక్కెర చేరడం తగ్గుతుంది. ఫలితం చేతికి తెలిసేది నెల తర్వాత, తాలు రూపంలో. అప్పుడు అందరూ పురుగునో తెగులునో తిట్టుకుంటారు.

అందుకని ఈ పది రోజులూ మడిలో పలచగా నీళ్ళు నిలిచే ఉండాలి. వంతు నీళ్ళ మీద ఆధారపడినవాళ్ళు ఎక్కడైనా ఒక తడి వదులుకోక తప్పదంటే ముందో వెనకో వదులుకోండి, ఇక్కడ మాత్రం వద్దు.

6. ఈనిక, జీఏ3 (మందుగా అమ్మే జిబ్బరెల్లిన్) స్ప్రే (ఆడ-మగ వరి, అంటే హైబ్రిడ్ విత్తన పంట వేసేవాళ్ళకి)

వెన్ను పొట్టలోంచి బయటికి రావడమంటే వెన్ను పెరగడం కాదు, దాని కింది ఆఖరి కణుపు మధ్య భాగం సాగి దాన్ని పైకి నెట్టడం. ఆ సాగుడు పూర్తిగా జిబ్బరెల్లిన్ పని. ఎంత సాగాలో హద్దు పెట్టేది ఈయూఐ1 అనే ఎంజైమ్, జిబ్బరెల్లిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. అది పాడైన పొడవు కాడ మొక్కని 1981లో అమెరికాలో వర్ణించినవాళ్ళు అప్పుడే అన్నారు, హైబ్రిడ్ విత్తనానికి ఇది పనికొస్తుందని.

ఎందుకంటే, మన దగ్గర హైబ్రిడ్ విత్తనానికి వాడే ఐఆర్58025ఏ లాంటి ఆడ లైన్లలో (సొంత పుప్పొడి పనిచేయని మొక్కల్లో) ఆఖరి కణుపులో జిబ్బరెల్లిన్ చాలదు. వెన్నులో నాలుగో వంతు దాకా పోటాకు తొడుగులోనే ఇరుక్కుపోతుంది, ఇరుక్కున్న పువ్వుకి మగ పుప్పొడి చేరే దారి లేదు. 1994లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన హైబ్రిడ్ ఏపీహెచ్‌ఆర్-1 కాలం నుంచి ఈ తలనొప్పి ఉన్నదే. హుజూరాబాద్, జమ్మికుంట వైపు యాసంగిలో ఆడ-మగ వరి వేసే ప్రతి రైతుకీ జీఏ అంటే తెలియంది కాదు, కానీ ఎందుకు ఆ రోజే కొట్టాలో చెప్పేవాళ్ళు తక్కువ.

ఎప్పుడు: ఆడ వరసల్లో నూటికి 5–10 వెన్నుల కొనలు బయటికి కనిపించిన రోజు. అప్పుడు ఆఖరి కణుపు కణాలు సాగడానికి సిద్ధంగా ఉంటాయి. నాలుగు రోజులు ముందు కొడితే కింది కణుపులు సాగి చేను పడిపోతుంది, ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే ఉంటుంది. ఆలస్యమైతే కణాల గోడలు గట్టిపడి మందు వృథా.

ఎంత: సాధారణ సిఫారసు హెక్టారుకి 60 గ్రాములు, అంటే ఎకరానికి 24. మొదటి రోజు 40 శాతం, అంటే 10 గ్రాముల దాకా, మిగతా 14 గ్రాములు మర్నాడు. చేతి స్ప్రేయరుతో అయితే ఎకరానికి ప్రతిసారీ 200 లీటర్ల నీళ్ళు. కంపెనీ ఇచ్చిన షెడ్యూల్ వేరుగా ఉంటే దాన్నే పాటించండి, ఒక్కో ఆడ లైన్ ఒక్కోలా స్పందిస్తుంది.

ఎలా: జీఏ3 పొడి నీళ్ళలో నేరుగా కరగదు, ఉండలు కడుతుంది. గ్రాముకి 25–40 మిల్లీలీటర్ల 70 శాతం ఆల్కహాల్ పోసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, తర్వాతే నీళ్ళలో పోయాలి. కరిగించేటప్పుడు బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. సన్నటి తుంపర పడాలి. ఉదయం 8–10 మధ్య, లేదా సాయంత్రం 4 తర్వాత. కొట్టిన కొద్ది గంటల్లోనే వాన గట్టిగా పడితే మళ్ళీ కొట్టాల్సిందే.

ఇక్కడ ఒక లెక్క చూడండి. షాపుల్లో మామూలు పంటలకి అమ్మే జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణం 0.001 శాతంది. లీటరులో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములు. ఎకరానికి 24 గ్రాములు కావాలంటే అలాంటివి 2,400 లీటర్లు కావాలి! పేరు ఒకటే కదా అని దాన్ని తెచ్చి ఆడ వరసల మీద కొడితే వెన్ను కదలదు. అలాగే ఆడ-మగ వరి కోసం తెచ్చిన పొడి మిగిలిందని మామూలు వరి మీద కొడితే పంట పొడుగు సాగి పడిపోతుంది తప్ప గింజ ఒక్కటి పెరగదు.

7. సుంకు (పూత) మీద ఉన్నప్పుడు

వెన్ను పై కొమ్మల నుంచి కిందికి వారం లోపు పూలన్నీ విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు తెరుచుకునేది దాదాపు గంటసేపే, అదీ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం లోపు. లాడిక్యూల్స్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, పెద్ద పొట్టుని పక్కకి నెట్టేస్తాయి. ఆ ఉబ్బుకి కబురు మళ్ళీ జాస్మోనేట్‌ది. మిథైల్ జాస్మోనేట్ కొడితే విచ్చుకోని పూలు కూడా విచ్చుకుంటాయని 1990ల చివర్లోనే చైనాలో చూశారు, అయితే చేలలో వాడకానికి జీఏ3 అంత స్థిరపడలేదు. పొట్టు తయారీకి కబురిచ్చినదే మూడు వారాల తర్వాత అదే పొట్టుని తెరిచే కబురు కూడా ఇస్తోంది, చూశారా.

మీరు చేయాల్సింది: మొదటి పూలు విచ్చుకోగానే గడియారం చూసి టైమ్ రాసుకోండి. ఆడ లైన్ పూలు మగవాటికంటే కాస్త ఆలస్యంగా తెరుచుకుని ఎక్కువసేపు తెరుచుకునే ఉంటాయి. పుప్పొడి గాలిలో బతికేది కొద్ది నిమిషాలే, ఆడ పువ్వు కీలాగ్రం మాత్రం కొన్ని రోజులు ఓపిక పడుతుంది. కాబట్టి మగ వరసల్లో పుప్పొడి రాలుతున్నప్పుడే, అది ఆడవైపు ఎగిరేలా తాడు లాగాలి, లేదా కర్రతో మగ వరసల్ని ఆడవైపుకి వంచాలి, అరగంటకోసారి, రోజుకి మూడు నాలుగు సార్లు, 7–10 రోజులు. పొద్దున్నే మంచు మీద లాగితే పుప్పొడి తడిసి పనికిరాదు.

ఎండ 35 డిగ్రీలు దాటితే కేసరాలు పగలడం తగ్గి తాలు పెరుగుతుంది. అందుకే యాసంగి ఆడ-మగ వరిలో పూత ఏప్రిల్ ఎండలకి చిక్కకుండా నారు తేదీలు సర్దుతారు. ఎండ వచ్చిపడ్డాక దానికి హార్మోన్ మందు లేదు, మడిలో నీళ్ళు నిండుగా పెట్టి వేడి కొంచెం తగ్గించుకోవడమే.

ఇంకొక్క మాట కోత గురించి. జీఏ3 కొట్టిన ఆడ వెన్నులో గింజకి నిద్ర తక్కువ, ఎందుకంటే మొలకకి పచ్చజెండా ఊపేది కూడా జిబ్బరెల్లినే. కోతకొచ్చిన టైమ్‌లో అకాల వాన పడితే చేలోనే వెన్ను మీద మొలకలొస్తాయి. ముందు మగ వరసలు కోసి బయటికి తీసేయండి, కల్తీ లేకుండా చూసుకుని, విత్తనం పక్వానికి రాగానే ఆడ వరసలు కోసి వెంటనే ఆరబెట్టండి, కూలీలు రేపొస్తామన్నారని కుప్ప వేసి ఉంచకండి.